చేతిలో గుడ్డ

మనిషి ఏం పని చేస్తున్నాడో చెప్పడానికి రెండు సెకన్లు చాలని మేడమ్ నమ్మకం. మూడో సెకను కూడా చూస్తే చూసేవాడి ఊహ అందులో కలుస్తుందట. "తలుపు తియ్యండి, చూడండి, టిక్కు పెట్టండి, వచ్చెయ్యండి. ఆలోచించకండి. ఆలోచించడానికి ఇక్కడ నేనున్నాను" అని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పింది.

ఏ పనికి ఎంతమంది కావాలో తేల్చే ఆ మేడమ్ విభాగం తరఫున, అప్పటినుంచి పదకొండు నెలలుగా అతను ఒక పెద్ద ఆసుపత్రిలో తలుపులు తీస్తూనే ఉన్నాడు. మెడలో కార్డు, చేతిలో అట్ట, అట్టకు బిగించిన ఫారం, ఫారంలో ఏడు గడులు. ఒకటో గడి యంత్రం నడపడం. రెండు మరమ్మతు. మూడు రాతపని. నాలుగు నడక, మోత. ఐదు పని గురించిన మాటలు. ఆరు శుభ్రం చేయడం. ఏడు ఖాళీ. ఆ ఆసుపత్రిలో డాక్టర్లూ నర్సులూ తప్ప మిగతా నాలుగు వందల మంది చేసే పనులన్నీ ఈ ఏడింట్లో ఇమిడిపోవాలి. ఇమడకపోతే అది మనిషి తప్పు, గడి తప్పు కాదు.

ఏ వేళకు ఏ తలుపు తీయాలో కూడా అతని ఇష్టం కాదు. ప్రతి సోమవారం మేడమ్ ఒక జాబితా ఇస్తుంది. తొమ్మిదీ పది, తొమ్మిదీ యాభై ఐదు, పదకొండూ ఐదు, ఇలా చీట్లు తీసినట్టు తీసిన వేళలు. ఆ వేళలు చూసేవాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే జనం సరిగ్గా ఆ నిమిషానికి నటిస్తారు. ఉద్యోగం మొత్తంలో ఉన్న గుట్టు అదొక్కటే, మిగతాదంతా టిక్కులే. అందుకే కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అతనికి టిక్కుబాబు అని పేరు పడిపోయింది.

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడకు అతనంటే పెద్ద వేళాకోళం. తలుపు చప్పుడైతే చాలు, ఇస్త్రీపెట్టె గాల్లోకి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడేది.

"రాసుకో బాబూ. పెట్టె దుప్పటికి తగల్లేదు. నేను పని చేస్తున్నట్టా, చెయ్యనట్టా?"

"ఒకటో గడేనమ్మా."

"మరి తుమ్మొస్తే?"

"తుమ్ముకి గడి లేదు."

"పాపం, ఏడు గడులు గీసిన చెయ్యి ఎనిమిదోది గియ్యలేక నొప్పెట్టింది కాబోలు" అని ఆవిడ పెట్టె దించేది. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళు గొల్లుమనేవాళ్ళు. ఆ నవ్వు మెట్ల మలుపు దాకా అతని వీపుని అంటుకుని వచ్చేది.

లిఫ్టు నడిపే పెద్దాయన నవ్వడు, తగువేసుకుంటాడు. "లిఫ్టు మూడో అంతస్తులో ఆగి ఉంటే నన్ను ఖాళీ అని రాశావట కదయ్యా! ఆగకపోతే జనం ఎక్కేదెలా? ఆగడమే నా పని. రైలు స్టేషన్లో ఆగితే డ్రైవర్ ఖాళీయా?" అని తలుపు మూయకుండా నిలబెట్టి అడిగాడోసారి. లోపల తోపుడుకుర్చీలో ఉన్న రోగి "ముందు నన్ను పైకి తీసుకెళ్ళండి, తర్వాత కొట్టుకోండి" అనేదాకా వదల్లేదు.

వాళ్ళు చెప్పేది నిజమేనని అతనికి తెలుసు. తెలిసీ చేయగలిగింది లేకపోవడమే లోపల ముల్లులా ఉండేది. మనుషుల మనసులు చదవాలని ఒకప్పుడు సరదాపడ్డాడు, దొరికింది మనుషుల చేతులు లెక్కపెట్టే పని. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి, అని సర్దిచెప్పుకునేవాడు. సర్దిచెప్పుకున్న ప్రతిసారీ ఆ రాయి ఎవరి నోటిమీద పడుతోందో చూడకుండా తల తిప్పుకుంటున్నానన్న సంగతి కూడా అతనికి తెలుసు.

పోనీ ఇంటికొస్తే ఆ అట్ట ఆఫీసులోనే ఉండిపోయేదా అంటే, లేదు. అతను పన్నెండో ఏట నుంచీ అక్కా బావల దగ్గరే పెరిగాడు. నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా వాళ్ళింటి మేడమీద గదిలోనే ఉంటున్నాడు. రాత్రి భోజనానికి కిందికి దిగితే అక్క గిన్నె కడగడం ఆరో గడి, నీళ్ళ బిందె ఎత్తడం నాలుగో గడి. కళ్ళు వాటంతటవే టిక్కులు పెట్టేవి. మళ్ళీ మేడెక్కి మంచం మీద వెల్లకిలా పడుకుంటే తన మీద తనే ఏడో గడిలో టిక్కు పెట్టుకునేవాడు.

"ఏరా, నా ఫారం ఎప్పుడు నింపుతావు?" అని అక్క అడిగేది. "ఖాళీ గడిలో టిక్కు పడిందో, అట్లకాడ తిరగేస్తాను."

బావ అసలు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

బావ ఆ ఆసుపత్రిలోనే నేల కింద గదిలో బాయిలర్ ఆపరేటరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పగటి డ్యూటీ. పైన దుప్పట్లు ఉతకడానికీ, వంటశాలకూ, ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ ఉడకబెట్టడానికీ ఆవిరి అక్కడి నుంచే వెళ్తుంది. ఆ గది వైపు ఎవరూ దిగరు. ఉక్కపోత, నూనె వాసన, ఎడతెగని మోత. ఒక మూల స్టూలు, గోడకు గడియారం, రెండు మీటర్లు, నీటి మట్టం కనపడే గాజు గొట్టం. ఆ స్టూలు మీద బావ వీపు గోడకానించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. చూసినవాళ్ళెవరైనా నిద్రపోతున్నాడనే అనుకుంటారు. నిద్ర కాదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

నేల కింది గదుల వంతు ఈ నెల వచ్చింది. మేడమ్ జాబితా ఇస్తూ, "బాయిలర్ ఆయన మీ బావగారటగా. చూసేవాళ్ళు మీరొక్కరే ఉన్నారు కాబట్టి తప్పదు. పక్షపాతం లేకుండా చూస్తానని ఇక్కడ సంతకం పెట్టండి" అంది. పెట్టాడు.

సోమవారం మొదటిసారి తలుపు తీశాడు. బావ స్టూలు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి తలుపు దగ్గర కావాలనే రెండుసార్లు దగ్గి తీశాడు. బావ ఒక కన్ను మాత్రం తెరిచి, "జలుబు చేసిందేమోయ్? అక్కనడిగి ఏదైనా పుచ్చుకో" అని మళ్ళీ మూశాడు. ఫారంలో ఏడో గడిలో మూడు టిక్కులు వరసగా పడ్డాయి. ఒకటో గడికి నిర్వచనం ఫారం వెనక అచ్చువేసి మరీ ఉంది: చెయ్యి యంత్రం మీద ఉండాలి.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ మూడు టిక్కులు అలా వారమంతా సాగితే ఏమవుతుందో అతనికి తెలుసు. పై అంతస్తులో దస్త్రాలు మోసే ఇద్దరి ఉద్యోగాలు అలాగే ఊడాయి. ఆ రాత్రి అందరూ అన్నం దగ్గర కూర్చున్నారు.

"బావా, నువ్వు అక్కడ కళ్ళు మూసుకుని కూర్చుంటే కుదరదు" అన్నాడు.

"ఎందుక్కుదరదు? ఇరవై తొమ్మిదేళ్ళుగా కుదిరింది."

"చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఏదున్నా సరే. లేకపోతే ఖాళీ అని పడుతుంది."

బావ ముద్ద కలపడం ఆపాడు. "ఖాళీయా?"

"నేనంటున్నది కాదు, ఫారంలో అలా ఉంది."

"చేతిలో ఏదో ఉంటే పనీ, లేకపోతే పని లేనట్టూనా? ఆ లెక్కన ఈ ముద్ద మింగేదాకానే నాకు పనుంది."

అక్క నవ్వింది. అతను నవ్వలేదు. జేబులోంచి జాబితా తీసి, బావ పళ్ళెం పక్కన నేలమీద పరిచాడు. ఇన్నాళ్ళూ తనది అనుకున్న ఒకే ఒక్క గుట్టు అది. దాన్ని ఇచ్చేయడంలో భయంతో పాటు ఒక చిన్న గర్వం కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో పుచ్చుకున్నదే గాని ఇచ్చింది లేదు.

"ఈ వేళలకు వస్తాను. వచ్చేటప్పటికి చేతిలో ఏదైనా పట్టుకో. అంతే. నీకు పుణ్యముంటుంది."

బావ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. "సరేలేవోయ్, నీ మాట ఎందుక్కాదనాలి" అన్నాడు.

మర్నాటి నుంచి బావ మాట తప్పలేదు. తలుపు తీసేసరికి లేచి నిలబడి ఉండేవాడు. చేతిలో పాత గుడ్డ. గొట్టాలు తుడుస్తూనో, మీటరు అద్దం తుడుస్తూనో, నేలమీద నూనె చుక్క అద్దుతూనో ఉండేవాడు. మంగళవారం అంతా గుడ్డే, బుధవారమూ గుడ్డే. ఖాళీ తప్పిందన్న సంబరంలో అతను ఆరో గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. శుక్రవారం సాయంత్రానికి బాయిలర్ గది ఎన్నడూ లేనంతగా మెరుస్తోంది. రాగి గొట్టాలలో ముఖం చూసుకోవచ్చు.

ఆ పై వారం మేడమ్ చిత్తు నివేదిక అతని బల్లమీద పెట్టింది, అంకెలు సరిచూడమని. నలభై చూపులు. యంత్రం నాలుగు. రాతపని మూడు. నడక ఒకటి. ఖాళీ మూడు. శుభ్రం చేయడం ఇరవై తొమ్మిది. కింద మేడమ్ అందమైన చేతిరాతతో రెండు వాక్యాలు రాసింది. నీటి మట్టానికి అలారం బిగించవచ్చు, మోగినప్పుడు మరమ్మతు విభాగం నుంచి మనిషి వెళ్తాడు. ప్రస్తుతం అక్కడున్న ఉద్యోగి చేస్తున్న పని ప్రధానంగా తుడవడం కనుక, అతన్ని పారిశుధ్య విభాగానికి మార్చవచ్చు.

ఇరవై తొమ్మిది. ఏడాదికొక టిక్కు పెట్టినట్టుంది.

మేడమ్ గదికి పరిగెత్తినట్టే వెళ్ళాడు. "ఆయన తుడిచేవాడు కాదు మేడమ్, బాయిలర్ ఆపరేటరు."

"నేను కాదన్నానా? టిక్కులు మీవే కదా. మీరు చూసినప్పుడు ఆయన తుడవలేదా?"

"తుడిచారు."

"మరి?"

మరి అన్న ఆ రెండక్షరాలకు అతని దగ్గర జవాబు ఉంది. అది నోటిదాకా వచ్చింది. వచ్చి, మెడలో ఉన్న కార్డు తాడు దగ్గర ఆగిపోయింది. "కంగారుపడి తుడిచారు మేడమ్. ఎవరో చూస్తున్నారంటే... మనుషులకు అలాగే ఉంటుంది" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. నిజాన్ని అడ్డంపెట్టుకుని దాక్కోవడం అబద్ధం కంటే ఎంత సులువో అనిపించింది.

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. "ఒక్కరోజు మళ్ళీ చూడండి. ఎనిమిది చూపులు. కొత్త జాబితా ఇస్తాను. అదీ ఇలాగే వస్తే నేను చెయ్యగలిగింది లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. అక్క అన్నీ విని, చేతిలో చేట కింద పెట్టింది.

"ఒరేయ్, బాయిలరాయన పెళ్ళాం అని ఈ వీధిలో నన్ను గుర్తుపడతారు. ఆయన్ని చీపురు పట్టుకోమంటారా? చీపురు తప్పని కాదు, ఆ పని చేసేవాళ్ళు చేస్తారు, వాళ్ళు నేర్చుకున్న పని అది. ఈయన నేర్చుకుంది ఇదే కదరా!" తర్వాత భర్త వైపు తిరిగింది. "మీకైనా బుద్ధుండొద్దూ? పట్టుకోక పట్టుకోక గుడ్డే పట్టుకోవాలా? అన్ని చక్రాలున్నాయి కదా ఆ కొంపలో, ఏదో ఒకటి తిప్పుతూ కూర్చోలేకపోయారా?"

బావకు మొదటిసారి కోపం వచ్చింది. "అవసరం లేకుండా వాల్వు ముట్టుకోకూడదే! ఎవరో చూస్తున్నారని తిప్పితే పైన ఎవరికో ఆవిరి ఎక్కువో తక్కువో అవుతుంది. ముట్టుకుంటే నష్టం లేని వస్తువు ఆ గదిలో గుడ్డ ఒక్కటే."

అతనికి అప్పుడు అర్థమైంది. పని రానివాడైతే చక్రాలన్నీ తిప్పుతూ నలభై చూపులకు నలభై టిక్కులూ ఒకటో గడిలో వేయించుకునేవాడు. పని వచ్చినవాడు కాబట్టే బావ తుడిచేవాడయ్యాడు. ఈ ముక్క ఫారంలో ఎక్కడ రాయాలి? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రాత్రంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగాడు.

గురువారం కొత్త జాబితా వచ్చింది. ఈసారి అది బావకు చూపించలేదు. పొద్దున గేటు దగ్గర ఒక్క మాటే చెప్పాడు. "మామూలుగా ఉండు బావా. నువ్వు రోజూ ఎలా ఉంటావో అలా. కళ్ళు మూసుకుని కూర్చున్నా సరే, ఏ గడిలో పెట్టాలో నేను చూసుకుంటాను."

"మామూలుగా అంటే ఎలాగోయ్?" అన్నాడు బావ. వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగాడు.

తొమ్మిదీ ఇరవైకి తలుపు తీశాడు. బావ నిలబడి మీటరు అద్దం తుడుస్తున్నాడు. పదీ పదికి తీశాడు. గుడ్డే. పదకొండూ ఐదుకి చప్పుడు కాకుండా మెట్లు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు మెల్లగా తోశాడు. బావ స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు గాని కళ్ళు తెరిచే ఉన్నాయి, తలుపు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మోకాలి మీద గుండ్రంగా తిరుగుతోంది. చేతి కింద గుడ్డ. తన మోకాలిని తనే తుడుచుకుంటున్నాడు.

రెండు సెకన్లు అయిపోయాయి. అతను వెనక్కి వెళ్ళలేదు. లోపలికి వచ్చి తలుపు బార్లా తెరిచి ఉంచే, బావ చేతిలోంచి ఆ గుడ్డ లాగేసి తన ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు.

"ఇటివ్వు" అన్నాడు బావ.

"ఇవ్వను. ఇది లేకుండా కూర్చో."

బావ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తీశాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, వెంటనే తెరిచాడు. అతను ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. తను చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక నిలబడితే బావే ఇలా ఎదురుగా కూర్చునేవాడు, చూపు మాత్రం కిటికీ వైపు తిప్పుకుని. ఆ చూపు ఎందుకు తిప్పుకునేవాడో ఇప్పుడు తెలుస్తోంది.

"కావటం లేదోయ్" అన్నాడు బావ. "కళ్ళు మూస్తే నువ్వే కనపడుతున్నావు, అట్ట పట్టుకుని."

"నేను నీ ఉద్యోగం నిలబెడదామనే కదా..."

"తెలుసు. నువ్వు చెడ్డవాడివని ఎవరన్నారు? కాని ఇన్నేళ్ళు ఈ స్టూలు మీద కూర్చున్నాను. పెద్ద ఇంజనీర్లు వచ్చారు, పోయారు. ఎవడూ నన్ను ఖాళీ అనలేదు. నువ్వన్నావు."

"నేననలేదు బావా, ఫారం అంది!"

"ఫారం మా ఇంటికొచ్చి, నా పళ్ళెం పక్కన కూర్చుని చెప్పిందా?"

అతను గొంతు పెంచాడు. తను ఎంత భయపడ్డాడో, జాబితా చూపించి ఎంత తెగించాడో, కొరివితో తల గోక్కున్నట్టు ఎలా చేశాడో, ఇంత చేస్తే దక్కింది ఇదా అని, ఆ మోతలో అరుస్తూ చెప్పుకుపోయాడు. బావ కూడా అరుస్తూ ఏదో జవాబు చెప్తున్నాడు. ఉన్నట్టుండి బావ అరచెయ్యి పైకి లేపాడు.

"ఆగు."

"ఎందుకాగాలి? చెప్పనీ..."

"నీకు దణ్ణం పెడతాను, ఆగు."

బావ తల కొంచెం ఎడమకు వంచాడు. కళ్ళు మూసుకోలేదు గాని అవి దేన్నీ చూడటం లేదు. లేచాడు. మూడంగల్లో నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళి, దాని నెత్తిమీద ఉన్న చిన్న కుళాయిని పావు చుట్టు తిప్పాడు. అది బుస్సుమంది, తుప్పర్లు చిమ్మింది, దగ్గింది, మళ్ళీ బుస్సుమని నీటిధార పట్టింది. బావ ఇంకో రెండు క్షణాలు అలాగే వంగి ఉండి కుళాయి కట్టేశాడు. తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

అతను గాజు గొట్టం వైపు చూశాడు. నీటి మట్టం కదల్లేదు. మీటర్లలో ముళ్ళూ కదల్లేదు.

"ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను? పంపు గాలి మింగింది. వదిలించాను."

"వదిలించకపోతే?"

"కాసేపటికి నీళ్ళు తోడటం మానేస్తుంది. మట్టం పడిపోతుంది. అప్పుడు మంట ఆపెయ్యాలి. మళ్ళీ ఆవిరి కట్టేసరికి రెండు గంటలు. ఈలోపు పైన కత్తులు ఉడకవు."

"మీటరు కదల్లేదు కదా, నీకెలా తెలిసింది?"

"వినపడింది కదోయ్. బియ్యంలో రాళ్ళు పడ్డట్టు."

"నాకు వినపళ్ళేదు."

"నువ్వు మాట్లాడుతున్నావు మరి."

"నువ్వూ మాట్లాడుతున్నావు కదా!"

"నేను మాట్లాడుతున్నది నోటితో" అన్నాడు బావ.

గోడ గడియారంలో పదకొండూ ఇరవై. జాబితాలో పదకొండూ ఐదు ఉంది, పదకొండూ నలభై ఉంది. మధ్యలో ఏమీ లేదు. నలభైకి వచ్చి తలుపు తీసి ఉంటే మళ్ళీ గుడ్డే కనపడేది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇలాంటి పదకొండూ ఇరవైలు ఎన్ని పోయి ఉంటాయో.

అతను అట్ట మోకాలి మీద పెట్టుకుని, వరస చివర కొత్త గీత గీసి, పదకొండూ ఇరవై అని రాశాడు. పెన్సిలు ఏడు గడుల మీదా తిరిగి ఎక్కడా దిగలేదు. ఒకటో గడిలో పెడితే కుళాయి తిప్పడం మాత్రమే పడుతుంది. అంతకు ముందు జరిగింది పడదు. చివరికి అంచున రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ కాగితంలో "వింటున్నాడు" అని రాశాడు. అక్షరాలు పట్టక చివరివి కిందికి జారాయి.

మిగతా ఐదు చూపులూ చూడకుండానే మెట్లెక్కాడు. మేడమ్ ఫారం తీసుకుని చూసి, పెన్సిలు మొనతో అంచుని తట్టింది.

"పదకొండూ ఇరవై జాబితాలో లేదు."

"లేదు మేడమ్."

"జాబితాలో లేని చూపు ఉంటే ఫారం చెల్లదు. మీకు తెలుసు."

"తెలుసు. పోయిన వారం ఫారం కూడా చెల్లదు."

"ఎందుకని?"

ఈసారి మాట తాడు దగ్గర ఆగలేదు. "సోమవారం రాత్రి ఆయనకు జాబితా నేనే చూపించాను. చేతిలో ఏదైనా పట్టుకోమని చెప్పింది కూడా నేనే. ఆ ఇరవై తొమ్మిదీ ఆయన పని కావు మేడమ్. నా పని."

ఆమె తల ఎత్తి అతన్నే చూసింది. రెండు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది.

"ఆయన వింటారని మీకు ముందే తెలుసా?"

"చిన్నప్పటి నుంచీ తెలుసు."

"మరి నాతో ఒక్కసారైనా అన్నారా? నా దగ్గరున్నవి మీరు తెచ్చే రెండు సెకన్లే. మిగతా ఎనిమిది గంటలూ మీ దగ్గరే ఉన్నాయి కదా."

ఆలోచించవద్దన్నది మీరే, అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. కాని ఆలోచించవద్దంటే హాయిగా మానేసింది ఎవరో గుర్తొచ్చి మూసుకున్నాడు.

"ఆ నివేదిక ఆపేస్తాను" అంది మేడమ్. "బాయిలర్ గది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కొత్త మనిషి వచ్చి మళ్ళీ చూసేదాకా. మీ సంగతి రేపు పది గంటలకు మాట్లాడదాం. అట్ట ఇక్కడ పెట్టి వెళ్ళండి."

పెట్టాడు. చేతులు ఖాళీ అయ్యాయి. నడవాలో వస్తుంటే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లాండ్రీ గుమ్మంలోంచి ఇస్త్రీ ఆవిడ కేకేసింది. "ఏం బాబూ, చేతిలో అట్ట లేదే? ఇప్పుడు నువ్వు ఏ గడి?" నవ్వుదామని చూశాడు, సగమే వచ్చింది.

నేల కిందికి దిగి, అలవాటు కొద్దీ తలుపు ఒక్కసారిగా తీశాడు. బావ స్టూలు మీంచి గబుక్కున లేచాడు. పాత గుడ్డ తన జేబులోనే ఉంది. బావ చేతిలో ఇంకొకటుంది, కొత్తది, అంచు కూడా చిరగనిది. ఎక్కడ సంపాదించాడో.

వచ్చింది ఎవరో చూసి కూడా బావ ఆ గుడ్డ దించలేదు.

"ఎన్నోసారి ఇది?" అన్నాడు.

"ఇది లెక్కలో లేదు బావా. నా దగ్గరిక జాబితా లేదు. నేనే చూపించానని చెప్పేశాను."

"ఎవడు చెప్పమన్నాడు నిన్ను?" బావ మొహం ఎర్రబడింది. "అడగందే జాబితా చూపించావు. అడగందే చెప్పేశావు. నీ నోటికి కూడా ఒక కుళాయి పెట్టించాలి. ఉద్యోగం?"

"రేపు పదింటికి రమ్మన్నారు. అట్ట తీసేసుకున్నారు."

"నాది?"

"ఉంది. ఇంకొకడు వచ్చి చూసేదాకా."

"ఇంకొకడు" అన్నాడు బావ, ఆ మాటను నాలుకమీద అటూ ఇటూ పొర్లించి. గుడ్డ వైపు చూసుకున్నాడు. దాన్ని గొట్టం మీద వేశాడు, మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ వేశాడు. "మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి. క్షమించమనడం బావ చెవికి కొత్త మోత అవుతుంది. ఏమీ అనకపోవడం తనకు అలవాటైన పాత పిరికితనం అవుతుంది. రెంటికీ మధ్య నిలబడి, గొట్టం మీద వేలాడుతున్న ఆ కొత్త గుడ్డనే చూస్తున్నాడు. నడవాలో ఎవరిదో తోపుడుబండి గడగడమంటూ పోతోంది.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. వీపు గోడకానించాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, అవి కాసేపు కదిలాయి.

"అలా గుమ్మంలో నిలబడకు" అన్నాడు. "లోపలికైనా రా, బయటికైనా పో. ఏదైనా సరే, ముందు ఆ తలుపు మూయి. వినపడటం లేదు."